మన మనిషికి పేరుంది, ‘మూడో బెడ్’ కాదు



మన గూడెం నుంచి ఎవరినైనా పెద్దాసుపత్రికి తీసుకెళ్లినప్పుడు ఒక సంగతి గమనించారా? సిస్టర్ మందుల ట్రే పట్టుకొని వస్తుంది. “నువ్వు లక్ష్మివే కదా?” అంటుంది. మన అవ్వ తలూపుతుంది. తెలుగు సరిగ్గా అర్థం కాకపోయినా తలూపుతుంది. కాదంటే కసురుకుంటారేమోనని భయం. అదే వార్డులో ఇంకో లక్ష్మి ఉందనుకోండి. ఆమెకు రాసిన ఇంజెక్షన్ ఈమెకు పడుతుంది.

రక్తం విషయంలో ఇది ఇంకా ప్రమాదం. ఒకరికి తెచ్చిన రక్తం ఇంకొకరికి ఎక్కించి, గ్రూపు కలవకపోతే ప్రాణమే పోవచ్చు. సికిల్‌సెల్ జబ్బు మన ఆదివాసీల్లో ఎక్కువ. 2047 నాటికి దాన్ని నిర్మూలిస్తామని కేంద్రం 2023లో జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఈ జబ్బున్న మన పిల్లల్లో కొందరికి మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ ఈ ముప్పు ఉన్నట్టే.

మందు ఇచ్చేముందు, రక్తం ఎక్కించేముందు కనీసం రెండు గుర్తులు సరిచూడాలని, గది నంబరును గుర్తుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. ఆ రెండు గుర్తులు మామూలుగా పేరు, పుట్టిన తేదీ. మనకు చిక్కు ఇక్కడే. మన ఊళ్లలో ఉండేవే కొన్ని ఇంటిపేర్లు, పేర్లూ అవే తిరుగుతుంటాయి. పుట్టిన తేదీ తెలియని పెద్దోళ్లు చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అని వేసేశారు. పేరూ తేదీ రెండూ కలిసినోళ్లు ఒకే వార్డులో పడటం వింతేం కాదు. అందుకే తండ్రి లేదా భర్త పేరు, ఊరు, ఐపీ నంబరు కూడా చూడమనాలి.

మీరు తోడుగా వెళ్తే ఇవి చేయండి. చీటీ రాయించేటప్పుడే ఇంటిపేరు, ఊరు సరిగ్గా రాశారో లేదో చదివి చూడండి. “నువ్వు ఫలానానా?” అని కాదు, “నీ పేరేంటి?” అని అడగమనండి. పేరు పేషెంటే చెప్పాలి. చెప్పలేకపోతే మీరు చెప్పండి. రక్తం బ్యాగు మీది పేరు, నంబరు, గ్రూపు కేస్‌షీట్‌తో కలిశాకే ఎక్కించమనండి. కాన్పయితే తల్లికీ బిడ్డకీ ఒకే నంబరు ట్యాగు కట్టారా చూడండి.

సిస్టర్‌తో గొడవ పడమని కాదు. వార్డంతా ఒక్కరే చూసుకునే చోట పొరపాటు జరగడం తేలిక. ఆ భారం తగ్గించాల్సింది ప్రభుత్వం. ఏజెన్సీ ఆసుపత్రుల్లో చేరిన ప్రతి ఒక్కరి చేతికీ పేరు పట్టీ కట్టాలి. కోయ, గోండి, కువి మాట్లాడే మనిషిని వార్డులో పెట్టాలి. ఐటీడీఏ ముందు మనం పెట్టాల్సిన డిమాండ్లు ఇవి.

డోలీ కట్టి, వాగు దాటించి ఆసుపత్రి దాకా తెచ్చుకున్న మనిషిని అక్కడ పేరు తప్పి పోగొట్టుకోవద్దు. ఈ మాట ఈరోజే మీ గూడెంలో నలుగురికి చెప్పండి.