ఎలక్ట్రిక్ బైక్ కొనేముందు రైతు వేసుకోవాల్సిన లెక్క

పొలానికి, పాల కేంద్రానికి, మార్కెట్ యార్డుకు తిరగడానికి ఎలక్ట్రిక్ బైక్ కొందామా అని చాలామంది రైతులు ఆలోచిస్తున్నారు. లీటరు పెట్రోలు నూరు రూపాయలు దాటాక ఆ ఆలోచన సహజమే. అయితే మూడేళ్ల కిందట పక్క ఊరివాళ్లు వేసుకున్న లెక్క ఇప్పుడు సరిపోదు. సబ్సిడీలు, పన్నులు మారాయి. అప్పు చేసి కొనేముందు ఈ విషయాలు చూసుకోండి.

సబ్సిడీ తగ్గింది

ఫేమ్-2 పథకంలో ఒక దశలో బ్యాటరీ సామర్థ్యం ప్రకారం కిలోవాట్ అవర్‌కు రూ.15,000 చొప్పున సబ్సిడీ వచ్చేది. 2023 జూన్‌లో దాన్ని రూ.10,000కు తగ్గించారు. 2024 అక్టోబర్ నుంచి అమలైన పీఎం ఈ-డ్రైవ్‌లో మొదట రూ.5,000 ఇచ్చారు. 2025-26లో అది రూ.2,500కు, బండికి గరిష్ఠంగా రూ.5,000కు దిగింది. ఈ సొమ్ము మీ ఖాతాలో పడదు, బండి ధరలోనే తగ్గిస్తారు. కాబట్టి ‘సబ్సిడీ తర్వాత వస్తుంది’ అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

మరోవైపు 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న పెట్రోల్ బైకులపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎలక్ట్రిక్ బండ్లపై 5 శాతమే ఉన్నా, పెట్రోల్ బండి మునుపటి కంటే చౌకైంది. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఇచ్చారు. ఏ రాష్ట్రంలో కొన్నా పన్ను, బీమా, చార్జర్ ధర విడివిడిగా రాసిన కొటేషన్ తీసుకోండి. పోల్చాల్సింది ఆన్‌రోడ్ ధరనే.

మీరు నెలకు ఎంత తిరుగుతారు?

అసలు లెక్క ఇక్కడే ఉంది. రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే రైతును తీసుకుందాం. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బైకుకు 20 లీటర్లు కావాలి. లీటరు రూ.109 అనుకుంటే ఖర్చు రూ.2,180. ఎలక్ట్రిక్ బైకుకు చార్జింగ్ నష్టం కలిపి సుమారు 37 యూనిట్లు పడుతుంది. యూనిట్ రూ.6 చొప్పున రూ.222. నెలకు మిగిలేది దాదాపు రూ.1,950. ఎలక్ట్రిక్ బండికి రూ.40,000 ఎక్కువ పెట్టినా రెండేళ్లలోపే తిరిగి వస్తుంది.

రోజుకు 10 కిలోమీటర్లే తిరిగే రైతుకు నెలకు మిగిలేది రూ.490 లోపే. అదే రూ.40,000 రావడానికి ఏడేళ్లు పడుతుంది. ఈలోగా బ్యాటరీ వారంటీ ముగిసిపోవచ్చు. ఇలాంటివారు ఉన్న బండినే వాడుకోవడం మేలు.

కరెంటు విషయంలో జాగ్రత్త

తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు జీరో బిల్లు పొందుతున్నవారు ముందుగా గత ఏడాది బిల్లులు చూసుకోండి. వేసవిలో ఇప్పటికే 180 యూనిట్లు కాలుతుంటే, బండి చార్జింగ్‌తో 200 దాటి ఆ నెల బిల్లు కట్టాల్సి వస్తుంది. వ్యవసాయ ఉచిత కనెక్షన్ నుంచి బండికి చార్జింగ్ పెట్టవద్దు. మంజూరు చేసిన అవసరానికి కాకుండా వేరే పనికి కరెంటు వాడితే విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద అదనపు మొత్తం వసూలు చేస్తారు.

మైలేజీ, బరువు

కంపెనీ చెప్పే దూరం పరీక్షల్లో వచ్చింది. గుంతల దారిలో, బరువుతో వెళితే తగ్గుతుంది. 150 కిలోమీటర్లు అని ఉంటే వంద వస్తుందనే లెక్కతో కొనండి. ఇద్దరు మనుషులు, ఒక 45 కిలోల యూరియా బస్తా కలిస్తే 170 కిలోలు దాటుతుంది. బండి ఎంత బరువు మోయగలదో మాన్యువల్‌లో చూడండి. స్కూటర్‌లో కాళ్ల దగ్గర బస్తా పెట్టుకోవచ్చు. మట్టి దారిలో మాత్రం పెద్ద చక్రాల మోటార్‌సైకిల్ బాగా నడుస్తుంది. వీలైతే మీ పొలం దారిలోనే బరువుతో నడిపి చూడండి.

బ్యాటరీయే బండికి ప్రాణం

ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ కాస్త బరువుంటుంది కానీ వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. ఎన్‌ఎంసీ తేలిక. ఏది ఉందో అడగండి. ఏఐఎస్-156 భద్రతా ప్రమాణం ఉన్న బండినే తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్, విజయవాడల్లో ఇంట్లో బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. పడుకునే గదిలో, రాత్రంతా చార్జింగ్ పెట్టవద్దు. ఎండలో తిరిగొచ్చాక బ్యాటరీ చల్లారనివ్వండి. ఎర్తింగ్ సరిగా ఉన్న సాకెట్ వాడండి.

డీలర్‌ను ఇవి రాసివ్వమని అడగండి:

• వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు? బ్యాటరీ సామర్థ్యం ఎంతకు పడిపోతే మారుస్తారు?
• వారంటీ ముగిశాక కొత్త బ్యాటరీ ధర ఎంత?
• సర్వీస్ సెంటర్ ఎంత దూరం? విడిభాగాలు ఎన్ని రోజుల్లో వస్తాయి?

ఊళ్లోని మెకానిక్ బ్రేకులు, టైర్లు చూడగలడు కానీ కంట్రోలర్, బ్యాటరీ బాగు చేయలేడు. కోతల సమయంలో బండి పదిహేను రోజులు షెడ్డులో ఉంటే పెట్రోలులో మిగిలిన డబ్బు ఆటో కిరాయిలకే పోతుంది.

రోజూ 30-40 కిలోమీటర్లు తిరుగుతూ, దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉన్నవారికి ఎలక్ట్రిక్ బైక్ లాభమే. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఇంకొంత కాలం ఆగండి.