గోడకు సున్నం సరే, కయ్యకు నీళ్లెవరు పెడతారు?

నెల్లూరు జిల్లా పల్లిపాడు ఆశ్రమం ఇప్పుడు చట్టం లెక్కలో కూడా పాతబడింది. కేంద్రం 1958లో చేసిన పురాతన కట్టడాల చట్టం ఒక కట్టడాన్ని పురాతనమని ఒప్పుకోవాలంటే దానికి నూరేళ్లు నిండాలి. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం 2021లో ఆ గీత దాటింది. దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించమని అడిగేవాళ్లకు మా మద్దతు ఉంది. అయితే అర్జీ రాసేముందు ఆ చట్టంలోని నిర్వచనాన్ని ఒకసారి చదవమని మనవి. అందులో కట్టడం ఉంది, గుహ ఉంది, సమాధి దిబ్బ ఉంది, శాసనం ఉంది, ఏకశిల ఉంది. పక్కనున్న భూమి కూడా ఉంది. ఎందుకయ్యా అంటే, కంచె వేసుకోవడానికీ కట్టడాన్ని కప్పి కాపాడుకోవడానికీ కావలసినంత మేరకు! దున్నే భూమి, దున్నినందువల్లే చరిత్రకెక్కిన భూమి, ఆ జాబితాలో ఎక్కడా కనబడదు.

పల్లిపాడు విషయంలో ఇది చిన్న లోపం కాదు. అక్కడ ముందు వచ్చింది పొలం, తర్వాతే ఆశ్రమం. పొట్లపూడి పొణకా కనకమ్మ పెన్నా ఒడ్డున పదమూడెకరాలు కొన్నది చరఖా కోసం కాదు. అప్పటికి ఆమె మనసు అతివాదుల వైపు ఉంది. విప్లవ శిక్షణకు ఊరికి ఎడంగా, ఏటి పక్కన ఒక చోటు కావాలని కొన్నారు. తర్వాత గాంధీ మార్గంలోకి వచ్చారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య ఆశ్రమం తలపెట్టినప్పుడు అదే పొలాన్ని వాళ్ల చేతిలో పెట్టారు. ఖద్దరు, అస్పృశ్యతా నివారణ, జాతీయ విద్య అన్నీ ఆ మట్టి మీదే మొదలయ్యాయి. మన సాహిత్య చరిత్రలు కనకమ్మను ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మతో కలిసి రాసిన జంట కవయిత్రిగా ఒక వాక్యంలో తేల్చేస్తాయి. ఆమె ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ అచ్చయింది ఆమె పోయిన దాదాపు అర్ధశతాబ్దం తర్వాత. పుస్తకానికే అంత ఆలస్యం చేసిన వాళ్లం, పొలం సంగతి పట్టించుకోలేదంటే వింత లేదు.

కట్టడానికి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఈ కథ సముద్రం దాటుతుంది. పదివేల రూపాయల విరాళం ఇచ్చినవాడు పార్సీ రుస్తుంజీ, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌ వర్తకుడు. 1897 జనవరిలో డర్బన్ రేవులో దిగిన గాంధీ మీద తెల్లవాళ్ల గుంపు పడ్డప్పుడు తలదాచుకోను చోటిచ్చింది ఆయన ఇల్లే. అంతకన్నా మనకు కావలసిన సంగతి ఒకటి ఉంది. 1904లో గాంధీ డర్బన్ దగ్గర ఫీనిక్స్‌లో నూరెకరాలు కొని ఒక సేద్యపు క్షేత్రం పెట్టారు. 1912లో దాన్ని తన పేరు నుంచి తీసేసి ఒక ధర్మకర్తల మండలికి రాసిచ్చారు. ఆ మండలి సభ్యుల్లో రుస్తుంజీ ఒకడు. అక్కడ ఉండేవాళ్లు వీలైనంతవరకు యంత్రాల జోలికి పోకుండా సేద్యంతోనో చేతిపనితోనో బతుకు వెళ్లదీసుకునే స్థితికి రావాలన్నది ఆ దస్తావేజులో రాసుకున్న ఆశయాల్లో ఒకటి. అంటే ఒక పొలాన్ని కాపాడే పెద్దల్లో కూర్చున్న మనిషి డబ్బే పెన్నా ఒడ్డున ఇంకో పొలంలో గోడలుగా లేచింది. నెల్లూరులో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, పల్లిపాడు గేటు దగ్గర ఒక బోర్డు మీద రాసిపెట్టదగ్గ మాట ఇది.

ఆ ఫీనిక్స్ తర్వాత ఏమైంది? 1985 ఆగస్టు అల్లర్లలో తగలబడింది. గాంధీ ఇంటినీ ముద్రణాలయాన్నీ మళ్లీ నిలబెట్టి 2000లో తెరిచారు. చుట్టూ ఉన్న నేల మాత్రం నిలువ నీడ లేని పేదల గుడిసెలతో నిండిపోయింది. ఆ వాడకు భంబాయి అని పేరు. ఆ పేదలను తప్పుపట్టే పని మనకు లేదు. జరిగింది మాత్రం ఇది: ఇల్లు తిరిగొచ్చింది, సేద్యం తిరిగి రాలేదు. జొహానెస్‌బర్గ్ దగ్గర 1910లో హెర్మన్ కాలెన్‌బాక్ ఇచ్చిన పదకొండు వందల ఎకరాల టాల్‌స్టాయ్ ఫారంలో నారింజ, ప్లమ్ వంటి పండ్ల చెట్లు వందల్లో ఉండేవి. అక్కడైతే చెట్లూ దక్కలేదు, ఇళ్లూ దక్కలేదు.

అంత దూరం పోనక్కరలేదంటారా, సబర్మతి చూడండి. కొచ్రబ్‌లోని మొదటి ఆశ్రమం వదిలి 1917లో నది ఒడ్డుకు మారడానికి ఉన్న కారణాల్లో సేద్యానికీ పశువులకూ చోటు చాలకపోవడం ఒకటి. అలా చోటు వెతుక్కుంటూ వచ్చి, పెరిగి, నూరెకరాలు దాటిన ఆశ్రమం చివరికి అయిదెకరాల మ్యూజియంగా మిగిలింది. ఇప్పుడు 1,200 కోట్ల రూపాయలతో దాన్ని యాభై అయిదెకరాలకు పెంచే పథకాన్ని 2024 మార్చి 12న ప్రారంభించారు. ఆ పథకం మీద వాదోపవాదాలు చాలా ఉన్నాయి, వాటి జోలికి ఇక్కడ పోము. పల్లిపాడును ‘దక్షిణ సబర్మతి’ అని మురిపెంగా పిలుచుకునే వాళ్లం కాబట్టి ఒక్క మాట అడుగుతాం. ఆ యాభై అయిదెకరాల్లో నాగలి కదిలేది ఎన్ని సెంట్లలో?

కట్టడాన్ని కాపాడడం కష్టమే గానీ అర్థమయ్యే కష్టం. సున్నం కొట్టించి, పెంకులు మార్చి, తాళం వేసి, తాళంచెవి ఒకరికి అప్పగించి ఏడాది తర్వాత వచ్చినా అది అక్కడే ఉంటుంది. కయ్యను ఏడాది వదిలేస్తే? గెనాల మీద తుంగ లేస్తుంది. ఎండ్రకాయ బొరియలు పడి మడవ నిలవదు. కాలువ అడుగు పూడిపోయి, పక్క రైతు నీళ్లకు తన దారి తాను చూసుకుంటాడు. రెండో ఏడు ముళ్లకంప మొలుస్తుంది, మూడో ఏడు ‘ఖాళీగానే ఉంది కదా’ అని ఎవరో ఒకరు లారీ ఇటుకలు దించుతారు. పొలం పొలంగా ఉండాలంటే ప్రతి కారుకూ ఎవరో ఒకరు నడుం వంచాలి. వారసత్వ రక్షణ అనగానే మనకు పురావస్తు నిపుణుడు, ఇంజనీరు, జిల్లా అధికారి గుర్తొస్తారు. నీళ్లు కట్టే మనిషి గుర్తుకు రాడు. మా ఫిర్యాదు అక్కడే.

నెల్లూరు తీరంలో ఈ పని ఇంకొంచెం కష్టం. మనకు వానలు వెనక నుంచి వస్తాయి. పెద్ద పంట అక్టోబరులో పడి మార్చికి చేతికొస్తుంది, సోమశిలలో నీళ్లుంటే వేసవి మీదుగా ఎడగారు. నెల్లూరు, సంగం ఆనకట్టలు పంతొమ్మిదో శతాబ్దపు కట్టుబడులు. వాటి స్థానంలో కొత్త బ్యారేజీలు 2022 సెప్టెంబరు 6న మొదలయ్యాయి కాబట్టి నీటికి కొంత భరోసా ఉంది. కానీ ఏరు ఇచ్చినట్టే ఇచ్చి తీసుకోనూగలదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగింది, రైలు పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ వారం టీవీల్లో రోడ్డునే చూపించారు. ఏటి ఒడ్డు పొలాల మీద ఇసుక మేటలు వేసిన సంగతి రెండో రోజుకే వార్త కాకుండా పోయింది. రోడ్డును గబగబా అతికించి వాహనాలు వదిలారు. మేట వేసిన కయ్య అలా కాదు. ఇసుక తోలించాలి, ఒండ్రు తెచ్చి కొట్టాలి, మళ్లీ చదును చేయాలి, ఆ తర్వాత కూడా ఒకటి రెండు పంటలు సగానికే పండుతాయి.

ఇక ఉప్పు. ఇందుకూరుపేట నుంచి మైపాడు రేవు దాకా పోయే దారిలో ఇరుపక్కలా రొయ్యల గుంటలు, వాటిలో తిరిగే ఏరేటర్లు ఈ తీరానికి ఇప్పుడు గుర్తు. రొయ్య వల్ల ఇళ్లు లేచాయి, పిల్లలు చదువుకున్నారు. దాన్ని తిట్టిపోయడం సులువు, నిజాయితీ కాదు. అయితే ఒకడి పొలం గుంట అయితే పక్కవాడి పొలంలోకి ఉప్పు ఊటగా దిగుతుంది. అప్పుడు అతనికీ గుంట తవ్వడం తప్ప దారి ఉండదు. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పు వ్యవసాయ భూములను, ఉప్పు కొఠార్లను, మడ అడవులను రొయ్యల గుంటలుగా మార్చకూడదని స్పష్టంగా చెప్పింది. 2005లో వచ్చిన తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఆ తీర్పు పదునును చాలావరకు తగ్గించింది. చారిత్రక పొలం ఒక్కటే పచ్చగా ఉండి చుట్టూ అంతా ఉప్పునీరయితే అది ఎన్నాళ్లు నిలుస్తుందో రైతుకు చెప్పనక్కరలేదు.

పొలాన్ని పొలంగా గుర్తించే ఆలోచన లోకంలో లేకపోలేదు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2002 నుంచి ప్రపంచ వ్యవసాయ వారసత్వ స్థలాలను గుర్తిస్తోంది. మన దేశంలో కాశ్మీరు కుంకుమపువ్వు పొలాలు, కోరాపుట్, సముద్ర మట్టం కింద వరి పండించే కేరళ కుట్టనాడు ఆ జాబితాలో ఉన్నాయి. అక్కడ రైతు సాగు మానేస్తే గుర్తింపుకు అర్థమే లేదు. మన 2002 జీవవైవిధ్య చట్టం కూడా ఒక తలుపు తెరిచి ఉంచింది. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలంది, ప్రత్యేకమైన చోట్లను వారసత్వ స్థలాలుగా ప్రకటించవచ్చంది. తెలంగాణలో అమీన్‌పూర్ చెరువుకు 2016లో అలాగే ఆ హోదా వచ్చింది. ఇక్కడ ఆ కమిటీలను కాగితం మీద నుంచి కయ్యలోకి దింపాల్సి ఉంది.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. పల్లిపాడుకు ఒక స్థానిక వారసత్వ మండలి కావాలి. ఆశ్రమ నిర్వహణ చూస్తున్న ఇండియన్ రెడ్‌క్రాస్ నెల్లూరు శాఖ అందులో ఎలాగూ ఉంటుంది, ఉండాలి కూడా. వాళ్లు పూనుకోకపోతే ఆ గోడలైనా మనకు మిగిలేవి కావేమో. పంచాయతీ, సాగునీటి సంఘం, నెల్లూరు వరి పరిశోధన కేంద్రం నుంచి ఒక్కొక్కరు. సన్మాన సభలకు పనికొచ్చే పెద్దమనుషులు ఇద్దరు చాలు. మిగిలిన కుర్చీలు ఊళ్లో సేద్యం చేసేవాళ్లకూ నాట్లు వేసే ఆడవాళ్లకూ పోవాలి. వాళ్లలో దళిత కుటుంబాల వాళ్లు తప్పనిసరిగా ఉండాలి. అస్పృశ్యత పోవాలని పెట్టిన ఆశ్రమం బాగోగులు చూసే మండలిలో వాళ్లు లేకపోతే ఆ మండలికి పల్లిపాడు పేరు పెట్టుకునే హక్కు లేదు.

ఆ మండలి రాయవలసిన మొదటి పుస్తకం కాఫీ టేబుల్ పుస్తకం కాదు, అడంగల్ లాంటి ఒక లెక్కల పుస్తకం. కనకమ్మ ఇచ్చిన పొలంలో ప్రతి సెంటూ ఎక్కడుంది, దాన్ని ఎవరు దున్నుతున్నారు, ఏం పండింది, నీళ్లు ఏ మడవ నుంచి వచ్చాయి. ఏటేటా రాయాలి, ఊరి రచ్చబండ దగ్గర చదివి వినిపించాలి. రెండో సంగతి కౌలు. 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు కార్డు పదకొండు నెలలకే. పదకొండు నెలల మనిషి గెనం మీద కొబ్బరి మొక్క ఎందుకు నాటుతాడు? ఈ పొలానికి కనీసం పదేళ్ల ఒప్పందం ఉండాలి, మట్టికి మేలు చేస్తే ఆ ఫలితం అతనికే దక్కాలి.

మూడోది విత్తనం. నెల్లూరు పేరు చెప్పగానే పాతవాళ్లు తలచుకునేది మొలగొలుకులు. ఆరు నెలల పంట, పొడుగ్గా పెరిగి గాలికి పడిపోతుంది, దిగుబడి తక్కువ. అందుకే రైతులు ఎన్‌ఎల్‌ఆర్ రకాలకు మారారు. నెల్లూరు మసూరి అని అందరూ పిలిచే 34449 ఈ నేల మీద పుట్టిందే, దాన్ని చూసి గర్వపడాలి. అరెకరంలో మాత్రం మొలగొలుకులు వేయించాలి. వేసిన రైతుకు నష్టం రాకుండా చూడటం మండలి బాధ్యత. పక్క కయ్యలో ఎన్ని పుట్లు పండాయో, ఇందులో ఎన్ని పుట్లు తగ్గాయో లెక్కగట్టి, మన పుట్టి ఎనిమిది వందల యాభై కిలోల లెక్కన ఆ తేడా కల్లంలోనే రొక్కంగా ఇవ్వాలి. పాత విత్తనం మీద ప్రేమ మనది, ఖర్చు రైతుది అంటే కుదరదు. వందనోట్లు లెక్కపెట్టి ఇచ్చే వారసత్వ కమిటీని ఊరు నమ్ముతుంది.

దీనికంతటికీ కోట్లు అక్కరలేదు. ఒక శతజయంతి సభకు షామియానాలు, ఫ్లెక్సీలు, భోజనాలకు అయ్యే ఖర్చుతో అరెకరం పొలం చాలా ఏళ్లు నడుస్తుంది.

పాఠకులకు ఒక విన్నపం. పల్లిపాడు, ఇందుకూరుపేట, పొట్లపూడి పరిసరాల్లో ఆశ్రమ భూమికి సంబంధించిన పాత దస్తావేజులు, పట్టాలు, రసీదులు, ఫోటోలు మీ ఇళ్లలో ఉంటే వాటి నకళ్లు మా పత్రికకు పంపండి. ఆశ్రమం పొలంలో పనిచేసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఏ కారులో ఏం వేసేవారో అడిగి, వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. వచ్చినవన్నీ ఒక కట్టగా జిల్లా కలెక్టరు కార్యాలయంలో అర్జీతో పాటు ఇచ్చి, అర్జీ నంబరును ఈ పేజీలోనే అచ్చువేస్తాం.