అప్రస్తుత ప్రసంగమే ప్రధానమైనచో

పదిమంది యెదుట పరీక్షకు నిలుచుట తెలుగువారికి క్రొత్త కాదు. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని చుట్టుముట్టుదురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు దత్తపది నిత్తురు. మరియొకరు నిషిద్ధాక్షరితో అడుగడుగున అడ్డుకొందురు. వారిలో అప్రస్తుత ప్రసంగి యొకడు. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టుట అతని పని. అతని చమత్కారమునకు సభ నవ్వును. కాని తుదకు కరతాళధ్వనులు మ్రోగునది, ఆ చిక్కులన్నిటిని దాటి అవధాని ధారణ చేసిన పద్యములకే.

నేటి టెలివిజను 'రియాలిటీ షో'లను చూచినప్పుడు ఈ పోలిక స్ఫురింపక మానదు. వానినన్నిటిని ఒకే గాట కట్టుట న్యాయము కాదు. 1996లో ఈటీవీలో ఆరంభమైన 'పాడుతా తీయగా'యు పోటీయే. దానిని నడిపిన కీ.శే. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము శ్రుతి యెక్కడ తప్పెనో, ఉచ్చారణ యెక్కడ జారెనో సరిదిద్ది, పాట వ్రాసిన కవిని, బాణీ కట్టిన సంగీత దర్శకుని స్మరించుచుండెడివారు. ఓడిన బాలుడును ఏదో యొకటి నేర్చుకొని యింటికి పోయెడివాడు.

2017లో తెలుగున ప్రవేశించిన 'బిగ్ బాస్' తీరు వేరు. 1999లో నెదర్లాండ్సులో ఆరంభమైన 'బిగ్ బ్రదర్' దీనికి మూలము. ఇందు విద్యకు మారుగా స్వభావము పరీక్షింపబడును. ఒక యింట కొందరి నుంచి, వారి కోపతాపములను కెమెరాలతో రేయింబవళ్లు పట్టి, అందు కొంత భాగమును మాత్రమే యేరి చూపుదురు. ఓర్పుతో గడచిన పూట కత్తెర పాలగును, కయ్యము నిలుచును. దానికే యథార్థమని పేరు! అప్రస్తుత ప్రసంగమే యిచట అవధానమైనది. పద్యము మాత్రము లేదు.

పెద్దలకిది కాలక్షేపము కావచ్చును. కాని పోట్లాడినవాడే పదుగురి నోట నానుట వారము వారము చూచు యువకునకు, కీర్తికి అదియే దగ్గరి దారి యని తోచుట సహజము. ఓటు వేయుటతో పక్షము పుట్టును. పక్షముతో పగ పెరుగును. 2023 డిసెంబరులో ఏడవ విడత ముగిసిన రాత్రి హైదరాబాదులో స్టూడియో వెలుపల గుమిగూడినవారు ఆర్టీసీ బస్సుల అద్దములు పగులగొట్టిరి. ఆ బస్సులకు ఆ పోటీతో ఏమి సంబంధము?

ఇష్టము లేనివారు చూడకుండవచ్చును గదా యని కొందరందురు. మరి పాల్గొను పసివారి సంగతి యేమి? 2017 నాటి కేంద్ర నిబంధనలు బాలకళాకారుల పని దినమునకు 5 గంటలు మించరాదనియు, వారి ఆదాయమున కనీసము నూటికి 20 వంతులు వారి పేర బ్యాంకులో నిలువ చేయవలెననియు విధించినవి. 2019లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ, నృత్యపు పోటీలలో పిల్లలచే వయసునకు తగని అభినయము చేయింపవలదని చానళ్లకు హితవు చెప్పినది. ఇవి అవసరమైన కట్టుబాట్లే. అయినను చట్టము గంటలను లెక్కింపగలదు గాని అభిరుచిని తీర్చిదిద్దజాలదు.

ఆ భారము ఇంటి పెద్దలది. టెలివిజనును కట్టివేయుటకంటె పిల్లల ప్రక్కన కూర్చుండి, "ఇతడేమి సాధన చేసి వచ్చెను? ఇతనిని ఏల మెచ్చవలెను?" అని అడుగుట మేలు. బదులు దొరకిన పోటీని అందరును కలిసి చూడవచ్చును. బదులు దొరకనిదానికి ఓటు వేయకుండుట పిల్లలు తమంతట తామే నేర్చుకొందురు.