బోర్డెక్కని పేరు

ఆడవాళ్ళు చేసిన పనికి లోకం పెట్టిన ముద్దుపేరు ఒకటుంది. ‘సహకారం’! ఆయన వ్యాపారం పెట్టాడు, ఆవిడ సహకరించింది. ఆయన ఇల్లు కట్టాడు, ఆవిడ సహకరించింది. ఆవిడ మెళ్ళో గొలుసు తాకట్టు కొట్టుకి నడిచి వెళ్ళిన సంగతి మాత్రం ఎవరి నోటా రాదు. ఈ జబ్బు మనకొక్కళ్ళకే లేదండోయ్. జర్మనీలోనూ ఉంది. అక్కడ దాని వయసు మోటారుకారు కంటే ఎక్కువే!

జర్మనీలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు లాడెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్ళో పాతకార్ల మ్యూజియం చూశాను. మన్‌హైమ్‌కీ హైడెల్‌బెర్గ్‌కీ మధ్య, నెకార్ నది పక్కనుంది ఆ ఊరు. మ్యూజియం పేరు డాక్టర్ కార్ల్ బెంజ్ గారిది. ఒకప్పటి ఫ్యాక్టరీలోనే పెట్టారు. పెద్దదేం కాదు, తీరిగ్గా చూసినా ఒక్క పూట పని. ఇత్తడి దీపాలూ, తోలు సీట్లూ తళతళలాడిస్తూ కార్లని పెళ్ళివారి ముందు కూర్చోబెట్టినట్టు పెట్టారు. వాటిలో మూడు చక్రాల బండి నమూనా ఒకటి. రిక్షాకీ గుర్రబ్బండికీ పుట్టిన బిడ్డలా ఉంది. 1886 జనవరి 29న బెంజ్ గారు పేటెంటుకి దరఖాస్తు పెట్టింది అలాంటి బండికే. లోకంలో మొదటి మోటారుకారుగా దానికి పేరు.

“ఆయన భార్య బెర్తా ఎంత సహకరించిందో తెలుసా అత్తయ్యగారూ!” అన్నాడు మా అల్లుడు. ఇంకేం, నాకు ఒళ్ళు మండింది.

ఆ ‘సహకారం’ ఏమిటో చూడండి. 1871లో, అంటే పెళ్ళికి ఏడాది ముందు, భాగస్వామితో పొసగక కార్ల్ వర్క్‌షాపు మునిగిపోయేలా ఉంటే, బెర్తా తన కట్నం సొమ్ము ముందుగానే పుట్టింటి నుంచి తెప్పించి ఆ భాగస్వామి వాటా కొనిపించింది. ఇదే పని మగవాడు చేస్తే పెట్టుబడి అంటాం. ఆడది చేస్తే కట్నం!

బండి తయారైంది. కొనే నాథుడు లేడు. 1888 ఆగస్టులో ఆవిడ 15 ఏళ్ళ యూజెన్‌నీ, ఇంకా 14 నిండని రిచర్డ్‌నీ ఎక్కించుకుని, మొగుడితో చెప్పకుండా మన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. దూరం 100 కిలోమీటర్ల పైచిలుకు. పెట్రోలు బంకు అన్న మాటే పుట్టని రోజులు. దారిలో వీస్‌లోఖ్ అనే ఊళ్ళో మందులషాపులో మరకలు తుడుచుకునే ద్రావకం కొని ట్యాంకులో పోయించింది. ఇంధనం గొట్టానికి ఏదో అడ్డుపడితే టోపీసూదితో పొడిచి తీసింది. వైరు మీద తొడుగు అరిగిపోతే మేజోడు పట్టీ చుట్టింది. ఈ సూదీ పట్టీ కథ చెప్పుకుని అందరూ ముసిముసిగా నవ్వుతారు. ఎందుకండీ నవ్వు? అది మరమ్మతు కాదూ? బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. మిట్టల మీద బండి ఎక్కకపోతే పిల్లలు దిగి తోశారు. తిరిగొచ్చి, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని మొగుడికి చెప్పింది. ఈ రోజుల్లో కంపెనీలు జీతాలిచ్చి చేయించే పని ఇది!

ఇంతకీ మ్యూజియం ఉన్న ఆ ఫ్యాక్టరీ ఎవరిదంటారు? 1906లో పెట్టిన కంపెనీది. దాని జర్మన్ పేరుని మన బజారు భాషలో చెప్పాలంటే ‘సి. బెంజ్ అండ్ సన్స్’. ఏ సన్సు? ఆ రోజు మిట్ట మీద బండి తోసిన సన్సే! తోసినవాళ్ళు బోర్డెక్కారు. బయల్దేరదీసినావిడ ఎక్కలేదు.

‘మెర్సిడెస్ ఆడపేరే కదా’ అంటారేమో. నిజమే. డైమ్లర్ కంపెనీ కార్లు అమ్మే జెల్లినెక్ అనే ఆయన తన చిన్నారి కూతురి పేరు కారుకి పెట్టించాడు. 1926లో ఆ కంపెనీ, బెంజ్ కంపెనీ కలిశాక మెర్సిడెస్-బెంజ్ అయింది. పాపం ఆ పిల్లని నేనేమీ అనను. కానీ మన లారీల నుదుట ‘శ్రీలక్ష్మి’, ‘కనకదుర్గ’ అని ఎన్ని చూడం? ఆర్.సి. పుస్తకం తెరిస్తే ఓనరు సుబ్బారావు!

కార్ల్‌కి 1914లో కార్ల్స్‌రూహె సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అదే విశ్వవిద్యాలయం బెర్తాని గౌరవ సెనేటరుని చేసింది 1944లో, ఆవిడ 95వ పుట్టినరోజున. మూడోరోజుకి ఆవిడ లేదు.

కార్ల్ కృతఘ్నుడని నేననను. కష్టకాలంలో తన వెంట నిలబడింది భార్య ఒక్కతేనని 1925లో వచ్చిన తన ఆత్మకథలో రాసుకున్నాడు. మంచిదే. అయితే కృతజ్ఞత వేరు, హక్కు వేరు. కృతజ్ఞత ఆయన ఇష్టం. హక్కు ఆవిడ సొమ్ము.

కనుక అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! మీవారి షాపుకో, అబ్బాయి కంపెనీకో గాజులు తీసివ్వాల్సి వస్తే ఇవ్వండి, వద్దనను. కాకపోతే ఎంతిచ్చారో, ఏ తేదీన ఇచ్చారో కాగితం మీద రాయించి, వాటా పత్రంలో మీ పేరు చేర్పించుకోండి. “మనలో మనకి కాగితాలేమిటే?” అంటారు. బ్యాంకువాళ్ళతో ఆ మాట అంటారేమో అడగండి!