చక్కెర డబ్బా ఖాళీ చేసే ముందు

గత రమజాన్‌లో ఒకనాడు అసర్ నమాజు ముగించి మదరసా వరండాలో కూర్చుని ఉండగా ఫోను మోగింది. మహానంది దారిలో, అరటి తోటల నడుమ ఉన్న ఒక పల్లె నుంచి నా పూర్వ విద్యార్థి మాట్లాడుతున్నాడు.

“హజ్రత్, అబ్బాకు ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. మిషనుతో చూస్తే షుగరు 58 ఉంది. ఇఫ్తార్‌కు ఇంకా గంటన్నర ఉంది. రోజా విరమింపజేయవచ్చా?”

“ఆలోచించకు నాయనా, వెంటనే తీపి షర్బత్ తాగించు” అన్నాను.

పావుగంటకు మళ్ళీ ఫోను. నిమ్మకాయ షర్బత్ తాగించారు, కాని వణుకు తగ్గలేదు, మిషనులో అంకె పెరగలేదు. ఆరా తీస్తే అసలు సంగతి తెలిసింది. కువైట్‌లో ఉన్న చిన్న కుమారుడు తండ్రి కోసం మాంక్‌ఫ్రూట్ పొడి పంపాడు. మామగారి మీది ప్రేమతో పెద్ద కోడలు ఇంట్లోని చక్కెరంతా తీసివేసింది. ఆ షర్బత్‌లో కలిపింది ఈ పొడినే! పొరుగింటి నుంచి చక్కెర తెప్పించి, మూడు చెంచాలు నీళ్ళలో కరిగించి తాగించాక ఆయన తేరుకున్నారు. అల్‌హందులిల్లాహ్.

ఆ ఇంటివారిని నేను తప్పు పట్టను. ధర్మాదేశం చెప్పానే గాని, షర్బత్‌లో ఏముందని నేనూ అడగలేదు. ఆ లోటు తీర్చుకోవడానికే ఈ నెల ఈ విషయం ఎత్తుకున్నాను.

మాంక్‌ఫ్రూట్ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌షీ కొండల్లో పండే ఒక తీగ కాయ. దోస, గుమ్మడి కుటుంబానికి చెందినది. చైనా భాషలో ‘లువో హాన్ గువో’ అంటారు. అక్కడి బౌద్ధ సన్యాసులు దీనిని పెంచేవారని ప్రతీతి. అందువల్లనే ఆ పేరు. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్ హిమాలయ జీవవనరుల సంస్థ శాస్త్రజ్ఞులు దీని సాగుకు పూనుకొని, కులూ ప్రాంతంలో ప్రయోగాత్మకంగా నాటించారు. చల్లని కొండగాలి కోరే తీగ గనుక మన నంద్యాల ఎండలకు ఇది పంట కాజాలదు.

దీని తీపికి కారణం మోగ్రోసైడ్లు అనే పదార్థాలు. వీటిలో ప్రధానమైనది చక్కెర కన్నా సుమారు 250 రెట్లు తియ్యగా ఉంటుంది. అందువల్ల చిటికెడు సారం చాలు. అది రక్తంలో గ్లూకోజును పెంచదు. మధుమేహ రోగికి మేలు చేసే ఈ గుణమే, షుగరు పడిపోయిన వేళ ప్రాణం మీదికి తెస్తుంది. నాలుకను తృప్తిపరుస్తుంది గాని, రక్తానికి కావలసిన చక్కెరను అందించలేదు.

“సన్యాసుల పేరున్న పండు మనకు ధర్మసమ్మతమేనా?” అని ఒక సోదరి అడిగారు. నిషిద్ధమని ఆధారం లేనంత వరకు ఆహార పదార్థాలు మూలతః ధర్మసమ్మతమే. పేరు వస్తువును మార్చదు. చూడవలసింది పొట్లంలో ఇంకా ఏమేమి కలిపారన్నదే. మాంక్‌ఫ్రూట్ పేరుతో అమ్మే పొట్లాలు చాలావాటిలో అధిక భాగం ఎరిథ్రిటాల్ అనే మరో తీపి పదార్థం. గుండె జబ్బులతో దీనికి సంబంధం ఉండవచ్చని 2023లో వెలువడిన ఒక అధ్యయనం సందేహం లేవనెత్తింది. అది ఇంకా తేలవలసి ఉంది. కొన్నింటిలో చక్కెర జాతికి చెందిన పొడులూ కలుస్తాయి. కాబట్టి వెనుక వైపు చిన్న అక్షరాలు చదివించుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో, బరువు తగ్గడానికి ఇటువంటి తీపి ప్రత్యామ్నాయాలను ఆశ్రయించవద్దని సూచించింది. ఇదివరకే మధుమేహం ఉన్నవారిని ఈ సూచన నుంచి మినహాయించింది. వారు తమ వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

మరొక మాట. “చక్కెర మానేశాను హజ్రత్, తేనే, బెల్లమే వాడుతున్నాను” అనేవారు మనలో ఎందరో! తేనెలో స్వస్థత ఉందని దివ్యఖుర్‌ఆన్ నహ్ల్ సూరా తెలుపుతోంది. అది మన విశ్వాసం. అయితే ప్రతి రోగికీ, ప్రతి మోతాదులోనూ అదే ఔషధమని దాని అర్థం కాదు. తేనెలో అయిదింట నాలుగు వంతులు చక్కెరలే. బెల్లమూ అంతే. ఇఫ్తార్‌లో ఖర్జూరం సంప్రదాయమే గాని, పళ్ళెం ఖాళీ చేయడం సంప్రదాయం కాదు.

వంటింటి సంగతికి వస్తే, ఈ పొడి చాయ్‌లో, షీర్‌ఖుర్మాలో కలిసిపోతుంది. డబుల్ కా మీఠాకు మాత్రం పాకం రాదు. అయితే షీర్‌ఖుర్మాలో చక్కెర మానినా సేమ్యా, పాలు, ఖర్జూరాలు ఉండనే ఉన్నాయి. “చక్కెర వేయలేదు, ఇంకో గిన్నె తినండి” అని అతిథిని బలవంతపెట్టడం ప్రేమ కాదు. తినండి, తాగండి, మితిమీరకండి అన్న దైవాజ్ఞకు ఏ పొడీ ప్రత్యామ్నాయం కాదు.

మధుమేహానికి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారున్న ప్రతి ఇంటికీ నా మనవి: రమజాన్‌కు ముందే వైద్యుని కలిసి మందుల వేళలు మార్పించుకోండి. మాంక్‌ఫ్రూట్ డబ్బా కొన్నా, దాని పక్కనే చిన్న చక్కెర డబ్బా ఉంచండి. రెండింటి మీదా పేర్లు అంటించండి. షుగరు 70 కన్నా తగ్గితే మగ్రిబ్ కోసం ఎదురుచూడక ఉపవాసం విరమింపజేసి, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి. పదిహేను నిమిషాలకు మళ్ళీ పరీక్షించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తరలించండి. రోగికి ఉపవాసం నుంచి సడలింపునిచ్చినవాడు అల్లాహ్‌యే. ఆ కారుణ్యాన్ని స్వీకరించడం బలహీనత కాదు, విధేయతే.

మొన్న ఆ ఇంటికి వెళ్ళాను. కోడలు రెండు డబ్బాలూ చూపించింది. ఎర్ర కాగితం అంటించిన దాని మీద ‘అబ్బా కోసం — అసలు చక్కెర’ అని రాసి ఉంది.

మన పెద్దలందరికీ అల్లాహ్ ఆరోగ్యాన్ని, వారిని చూసుకునే మనకు వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.