సిబ్బంది వ్యవహారాల అధికారి నియామకంపై తీర్మానం

డొంకరాయిలోను, చుట్టుపక్కల కొండ గ్రామాల్లోను ఉన్న మహిళా పొదుపు సంఘాల సభ్యులం సర్వసభ్య సమావేశంలో చర్చించి ఈ తీర్మానం చేశాం.

1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘానికి తన సిబ్బందిని తానే పెట్టుకునే స్వేచ్ఛ ఉంది. పుస్తకాలు రాసేవారిని, వసూళ్లకు తిరిగేవారిని పెట్టుకున్నాం గాని, వాళ్ల బాగోగులు చూసే మనిషిని ఇంతవరకు పెట్టుకోలేదు. పట్నాల్లో బ్యాంకులు అలాంటివారిని హెచ్‌ఆర్ బిజినెస్ పార్ట్‌నర్ అంటాయి. హాజరుపట్టీ చూసే గుమాస్తా కాదు. ఎవరిని తీసుకోవాలో, ఎలా నిలుపుకోవాలో, జీతం దేన్ని బట్టి ఇవ్వాలో పాలకవర్గం పక్కన కూర్చుని చెప్పే మనిషి.

జీతం మాటే మాకు ముఖ్యం. సూక్ష్మరుణాల వసూళ్లు నెలవారీగానే, పంచాయతీ కార్యాలయం వంటి చోటే జరగాలంటూ 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అంతకు ముందు గడప ముందు నిలబడి కేకలేసిన వసూళ్ల కుర్రవాళ్లు పుట్టుకతో కఠినులు కారు. ఎంత వసూలు చేస్తే అంత రాబడి అన్నప్పుడు మనిషి అలాగే తయారవుతాడు.

మొన్న చింతపండు రోజుల్లో ఒక పెద్దావిడ తన డబ్బు తీసుకోవడానికి వస్తే వేలిముద్ర యంత్రం మూడుసార్లు ఒప్పుకోలేదు. చింతపండు గింజ తీసి తీసి ఆవిడ వేళ్ల గీతలు అరిగిపోయాయి. పుస్తకాలు రాసే మా అమ్మాయి ఆ చేతిని తడిగుడ్డతో తుడిచి, చున్నీతో ఒత్తి, నాలుగోసారి నొక్కించింది. ఆ పూట ఆ అమ్మాయి వసూలు సున్నా. అలాంటి పనిని పనిగా లెక్కగట్టే పద్ధతి మాకు కావాలి.

కాబట్టి ఒక సిబ్బంది వ్యవహారాల అధికారిని నియమించాలని, వసూళ్ల మొత్తానికీ జీతానికీ ముడి పెట్టకూడదని తీర్మానించాం. ఆ అధికారి రుణాల విభాగం కింద కాక నేరుగా పాలకవర్గానికి జవాబుదారీగా ఉండాలి. ఒంటరిగా కొండదారిన తిరిగే ఆడపిల్లల ఫిర్యాదులు ముందుగా వినాలి.

ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసినప్పటి బాధ మాకింకా ఉంది. మా పొదుపు డబ్బుతో ఇచ్చే ఈ ఉద్యోగానికి మొదటి పిలుపు స్థానిక గిరిజన అభ్యర్థులకే వెళ్లాలి. తెలుగుతో పాటు కోయ గాని, ఆదివాసీ ఒరియా గాని వచ్చినవారైతే మేలు. ఎంపికకు ముందు అభ్యర్థి రెండు రోజులు మా సిబ్బందితో ఊళ్లు తిరగాలి.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించబడింది. చదువురాని సభ్యులకు రెండుసార్లు చదివి వినిపించి, వేలిముద్రలు తీసుకోవడమైనది.