వెయ్యోవంతు సెకను తీర్పు

కనురెప్పపాటు కాలాన్ని గురించి మాట్లాడటం ఒకప్పుడు కవుల పని. ఇప్పుడు దానిని ముక్కలుగా కోసి లెక్కకట్టే పని యంత్రాలకు దక్కింది. ఆ ముక్కల్లో అతి చిన్నదైన ఒక ముక్క, ఒక మనిషి ఏళ్ళ తరబడి చేసిన సాధనను బూడిదలో పోసిన పన్నీరు చేయగలదని 2022 జూలై 17న అమెరికాలోని యూజీన్ నగరంలో రుజువైంది.

ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ పోటీల్లో పురుషుల 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ అది. బరిలో ఉన్నవారిలో డెవన్ అలెన్ ఒకడు. ఆ నగరంలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలోనే చదివి, ఆ హేవర్డ్ ఫీల్డ్ ప్రేక్షకుల కళ్ళ ముందే ఎదిగిన క్రీడాకారుడు. సుమారు నెల రోజుల ముందు న్యూయార్క్‌లో 12.84 సెకన్లలో పరుగు ముగించాడు. అప్పటికి చరిత్రలో అంతకంటే తక్కువ కాలం నమోదు చేసినవారు ఇద్దరే. స్వస్థలం లాంటి చోట స్వర్ణం కోసం అలెన్ వంగి నిలబడ్డాడు. తుపాకి మోగింది. వెంటనే మళ్ళీ మోగింది. ఎవరో ముందుగా కదిలారన్నమాట. ఆ ఎవరో అలెనే అని యంత్రం చెప్పింది.

తుపాకి చప్పుడయ్యాక 0.099 సెకనుకు అలెన్ కదిలాడు. నిబంధన ప్రకారం 0.100 సెకనులోపు కదలకూడదు. అంటే తేడా సెకనులో వెయ్యోవంతు. ఈ పరుగులో ఉత్తమ క్రీడాకారుల సగటు వేగాన్ని బట్టి లెక్కవేస్తే, ఆ కాలంలో మనిషి ముందుకు సాగే దూరం ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు మాత్రమే. ఒక వడ్లగింజ పొడవు! అలెన్ అధికారులను బతిమాలుకున్నాడు. ప్రేక్షకులు కేకలు వేసి నిరసన తెలిపారు. ఫలితం లేకపోయింది. ఆయన మైదానం వీడిన తరువాత పరుగు జరిగింది. జమైకాకు చెందిన ఒలింపిక్ విజేత హాన్సెల్ పార్చ్‌మెంట్ సన్నాహక పరుగులోనే గాయపడి అంతకుముందే తప్పుకున్నందున, ఎనిమిది మంది ఉండవలసిన చోట ఆరుగురే పరుగెత్తారు. అమెరికాకే చెందిన గ్రాంట్ హాలోవే 13.03 సెకన్లతో స్వర్ణం గెలుచుకున్నాడు.

ఇంత కఠినమైన నిబంధన ఎందుకు వచ్చిందో గ్రహించకుండా అధికారులను ఆడిపోసుకోవడం న్యాయం కాదు. చప్పుడు చెవిని చేరి, మెదడుకు తెలిసి, అక్కడినుంచి కాలి కండరాలకు ఆజ్ఞ అందడానికి కొంత కాలం పడుతుంది. అంతకంటే ముందు కదిలినవాడు విని కదలలేదు, ఊహించి కదిలాడని అర్థం. అలా ఊహించేవారికి అడ్డుకట్ట లేకపోతే పరుగుపందెం జూదమవుతుంది. పూర్వం ఒక్కొక్క క్రీడాకారుడికి ఒక్కొక్క తప్పును మన్నించేవారు. ఎనిమిది మంది ఎనిమిదిసార్లు తప్పు చేసినా పందెం మొదలు కాని రోజులవి. 2003లో ఆ మన్నింపును మొత్తం బృందానికి ఒక్కటిగా కుదించారు. ఆ ఏడాది పారిస్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో, అనర్హుడని ప్రకటించిన అమెరికన్ జాన్ డ్రమండ్ ట్రాక్ మీదనే వెల్లకిలా పడుకుని చాలాసేపు పందెం సాగనివ్వలేదు. 2010 నుంచి ఆ ఒక్క మన్నింపూ పోయింది. తప్పు చేసినవాడు ఎంతటివాడైనా ఇంటికే. 2011లో దేగులో జరిగిన ప్రపంచ పోటీల్లో 100 మీటర్ల ఫైనల్ నుంచి ఉసేన్ బోల్ట్‌నే బయటికి పంపారు. గొప్పవాడికీ కొత్తవాడికీ ఒకే కొలత ఉండటం ఈ నిబంధనలోని మంచి గుణం. దానిని వదులుకోవాలని ఎవరూ కోరరు.

ప్రశ్న నిబంధన గురించి కాదు, అందులోని అంకె గురించి. మనిషి ఎవడైనా సెకనులో పదోవంతుకు ముందు విని కదలలేడని ఈ హద్దు భావిస్తోంది. ఆ భావన ఎంతవరకు నిజమో తేల్చడానికి అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య స్వయంగా ఫిన్లాండ్ పరిశోధకుల చేత అధ్యయనం చేయించింది. హద్దును 0.080 లేదా 0.085 సెకనుకు తగ్గించడం మంచిదని 2009లో వారు సూచించారు. పదమూడేళ్ళ తరువాత యూజీన్‌లో అలెన్‌ను కొలిచినది మాత్రం పాత అంకెతోనే. అదే రోజు, కొద్ది గంటల ముందు జరిగిన సెమీఫైనల్లో అలెన్ స్పందన 0.101 సెకను. అప్పుడు అది మెచ్చదగిన చురుకుదనం. ఫైనల్లో 0.099 క్షమించరాని నేరం. ఈ రెండింటి మధ్య ఒకటి నిజాయితీ, ఒకటి మోసం అని చెప్పగలిగినంత సూక్ష్మంగా మానవ శరీరాన్ని శాస్త్రం ఇంకా చదవలేదు.

హర్డిల్స్ పరుగులో ఈ బాధ మరింత ఎక్కువ. 1.067 మీటర్ల ఎత్తున పది హర్డిళ్ళు. బయలుదేరిన చోటునుంచి మొదటిది 13.72 మీటర్ల దూరంలో ఉంటుంది. ఏడు లేదా ఎనిమిది అడుగుల్లో దానిని చేరాలి. ఆపైన ప్రతి 9.14 మీటర్లకు ఒకటి, మధ్య మూడే అడుగులు. మొదటి హర్డిల్ వద్ద లయ తప్పితే పదో హర్డిల్ దాకా దాని ఫలం అనుభవించవలసిందే. అందుకే ఈ క్రీడాకారులు ఆరంభాన్ని అంతగా సానబెడతారు. సాధనతో పదునెక్కిన చెవికి శిక్ష పడకుండా చూడవలసిన బాధ్యత నియమకర్తలదే.

ఇది వారికి చేతకాని పని కాదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. ఒక పక్కన నిలిచి తుపాకి పేల్చితే మొదటి లేనుకూ ఎనిమిదో లేనుకూ సెకనులో నలభయ్యోవంతు తేడా వస్తుంది. ఈ అన్యాయాన్ని గుర్తించే, ప్రతి క్రీడాకారుడి వెనుకా ఒక స్పీకర్ అమర్చారు. చెవికి చప్పుడు చేర్చడంలో అంత శ్రద్ధ చూపినవారు, చెవినుంచి కాలికి పట్టే కాలాన్ని తేల్చడంలో ఉదాసీనత చూపడం తగదు.

అంకె మారేదాకా చేయదగిన పని మరొకటి ఉంది. సందేహం ఉన్నప్పుడు క్రీడాకారుడిని అభ్యంతరానికి లోబడి పరుగెత్తనిచ్చి, తీర్పు తరువాత చెప్పే అధికారం రిఫరీకి నిబంధనల్లోనే ఉంది. కాని 2022 నాటి నిబంధనల్లో, ఆమోదం పొందిన యంత్రం తప్పు పట్టినప్పుడు, ఆ యంత్రమే పొరబడిందని స్పష్టంగా తోస్తే తప్ప ఆ వెసులుబాటు వర్తించేది కాదు. వెయ్యోవంతు సెకను తేడా వచ్చిన చోట ఆనాడు ఆ తలుపు మూసి ఉంచడం సమంజసమా?

ఆ తలుపు తెరిచి ఉన్నందువల్ల కలిగిన మేలు తెలుగువారికి బాగా తెలుసు. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. చైనాకు చెందిన వు యాన్ని తుపాకికి ముందే కదిలింది. ఆ కదలిక చూసి పక్కనున్న విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ కదిలింది. అధికారులు మొదట జ్యోతిని సైతం తప్పు పట్టారు. ఆమె అక్కడే నిలిచి వాదించింది. వీడియో చూశాక ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. రెండో స్థానంలో వచ్చిన వు యాన్నిని తరువాత అనర్హురాలిగా ప్రకటించారు. 12.91 సెకన్లతో మూడో స్థానంలో ఉన్న జ్యోతికి రజతం దక్కింది. ఆనాడు రిఫరీ వెంటనే ఎర్ర కార్డు చూపి ఊరుకుని ఉంటే, చేయని తప్పుకు ఆ అమ్మాయి కన్నీళ్ళతో తిరిగివచ్చేది.

పరుగు ముగిశాక ఫలితం మార్చితే గందరగోళమవుతుందని కొందరు అంటారు. గందరగోళమైతే అవుతుంది. కాని పురుషుల హర్డిల్స్ ఆ గందరగోళాన్ని ఇంతకుముందే భరించింది. 2011 దేగు ఫైనల్లో క్యూబాకు చెందిన డేరన్ రోబ్లెస్ 13.14 సెకన్లతో ముందు నిలిచాడు. పక్క లేనులోని చైనా క్రీడాకారుడు లియు షియాంగ్ చేతికి అతడి చెయ్యి తగిలిందని తరువాత వీడియోలో తేలింది. రోబ్లెస్ స్వర్ణం పోయింది, 13.16 సెకన్లలో వచ్చిన అమెరికన్ జేసన్ రిచర్డ్‌సన్ విజేత అయ్యాడు. ఆకాశం విరిగిపడలేదు. పరుగు తరువాత పతకాన్ని వెనక్కి తీసుకోవచ్చు. పరుగెత్తనివ్వని పరుగును మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఏ పొరపాటు దిద్దుకోదగినదో, ఏది దిద్దుకోలేనిదో తెలిసి మెలగడమే న్యాయనిర్ణేత వివేకం.

జిల్లా మైదానాల్లో జరిగే పాఠశాలల పోటీల్లో ఇలాంటి యంత్రాలు ఉండవు. అక్కడ స్టార్టర్ కళ్ళే యంత్రం, అతడి మనస్సాక్షే తీర్పు. జ్యోతిని చూసి హర్డిల్స్ వైపు అడుగు వేస్తున్న పిల్లలకు వ్యాయామ ఉపాధ్యాయులు హర్డిల్ దాటడంతో పాటు నిబంధనలూ నేర్పాలి. తప్పు చేసినప్పుడు తలవంచడం ఎంత అవసరమో, చేయనప్పుడు మర్యాదగా అభ్యంతరం చెప్పడం అంతే అవసరమని బోధించాలి. తప్పు పట్టినవారు సైతం కారణం చెప్పి పంపాలి.

కొలత కచ్చితంగా ఉన్నంత మాత్రాన తీర్పు న్యాయమైనది కాదు. వెయ్యోవంతు సెకనును కొలవగల యంత్రం మనిషి చేతికి వచ్చింది. దానిని ఎంతవరకు నమ్మాలో నిర్ణయించవలసినది ఇప్పటికీ మనిషే. ఆ బాధ్యతను యంత్రం మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం క్రీడాధర్మం అనిపించుకోదు.